కకార కిరీట సంగ్రామం

సప్తాశ్వరథారూఢుడైన భాస్కరుడు ఎదురు మేడమీది నీళ్ళట్యాంకు భుజమెక్కి, కిటికీ ఊచల సందులలో నుండి తన సహస్రకిరణాలను మూడో అంతస్తు భోజనాల గదిలోకి గుప్పిస్తున్న వేళ, గోడ గడియారపు చిన్నముల్లు తొమ్మిదిని ఆక్రమించి పెద్దముల్లును ముందుకు తరుముతున్న వేళ, వారమధ్యవర్తియైన బుధవారంనాడు, భోజనపుబల్ల అను మహారణరంగం నడుమ ఒక వీరవనిత నిలిచి, ఎదుట వెల్లకిలా పరుండిన శత్రువును రెప్పవాల్చక చూస్తున్నది. ఆమె దక్షిణహస్తాన సన్నని కుంచె. వేళ్ళకు, మోచేతికి, ఎడమచెవి తమ్మెకు నల్లసిరా మరకలు. ఆ శత్రువు అడుగున్నర ఎత్తున్న తెల్లని అట్టపై నిలిచిన ఒకే ఒక్క హల్లు. దాని పేరు ‘క’.

ఆమె గ్రాఫిక్ డిజైన్ మొదటి సంవత్సరం విద్యార్థిని. తల్లిదండ్రులు పెట్టిన చక్కని పేరు హాజరుపట్టీలోనే ఉండిపోగా, తోటివారు ప్రసాదించిన ‘సిరాపిల్ల’ అనే బిరుదే దిగంతాలకు, అనగా కళాశాల క్యాంటీను దాకా, వ్యాపించింది. అక్షరరచన నేర్పే అధ్యాపకురాలు, సూక్ష్మదోషాన్వేషణధురంధర, నిరంతరభూతద్దధారిణి, కాబట్టి పిల్లలందరి నోటా ‘భూతద్దం మేడమ్’, తరగతికి విధించిన శాసనం ఒక్కటే. కంప్యూటరు తోడు లేకుండా, ఒట్టి చేత్తో, ఒక్క అక్షరాన్ని నిర్దోషంగా లిఖించి తేవలెను.

ఒక్క అక్షరమే కదా అని నవ్వుకున్న సిరాపిల్ల నవ్వు మొదటి వారంలోనే మాయమైంది. మొదటి ‘క’ను చూసి మేడమ్, “పొట్ట జారిపోయింది. తీసుకెళ్ళు” అన్నారు. రెండోదానికి నడుము పట్టేసినట్టుందన్నారు. మూడోదాన్ని చాలాసేపు చూసి, “ఇది తలకట్టా, గాలికి లేచిపోతున్న టోపీనా?” అని నెమ్మదిగా అడిగారు. ఆ నెమ్మదితనమే సిరాపిల్ల హృదయాన శతఘ్నియై పేలింది. ఇక ఈ బుధవారం పదకొండు గంటలకు సమర్పించవలసిన నాలుగోదే కడపటిది. ఇదీ వెనక్కి వస్తే, తోటివారంతా పోస్టర్ల తరగతికి పోతుండగా ఆమె మరో ఆరునెలలు ఈ అక్షరం ముందే కూర్చోవాలి.

అంతకన్నా బరువైనది మరొకటుంది. నిరుడు కామర్సు సగంలో వదిలి ఈ చదువులోకి వస్తానన్ననాడు తండ్రి కోప్పడలేదు, బతిమాలలేదు. “ఖాయమేనా తల్లీ?” అని ఒక్కమాట అడిగాడు. ఖాయమేనన్నది. ఆ ఒక్కమాటను అప్పటినుండి ఆమె కడుపులో రాయిలా మోస్తున్నది.

కావున నాలుగు దినాలు భోజనపుబల్ల ఆమె వశమైంది. పందొమ్మిది చిత్తు ‘క’లు నేలరాలాక, ఇరవయ్యోదాని పొట్ట కుదిరింది, నడుము కుదిరింది. తలకట్టు మాత్రమే మిగిలింది. ఆ తలకట్టును తీర్చిదిద్దబోతూ సిరాపిల్ల కుంచెను కన్నులకద్దుకొని గంభీరస్వరాన పలికెను:

“ఓ కుంచెరాజమా! ఉడుతరోమసంభూతమా! పందొమ్మిది కాగితాల బలిదానం నీ కొనపై వేలాడుచున్నది. నేడు నీవు వంకరపోయితివా, నా వంశమునకు తలవంపులు! తిన్నగా సాగితివా, నిన్ను జన్మలో ఎండబెట్టకుండ కడిగెదను!”

“ఎవరితోనే ఆ మాటలు?” అని వంటింట్లోనుంచి తల్లి. “ముందు కాఫీ తాగు. ఆ పక్కనున్నది కాఫీ గ్లాసో, నువ్వు కుంచె కడిగిన గ్లాసో ఒకసారి చూసుకుని తాగు.”

సోఫాలో ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని టిఫిను చేస్తున్న తండ్రి నిట్టూర్చాడు. “మా రోజుల్లో ఒక్కపూటలో అ నుంచి ఱ దాకా రాయించేవాళ్ళు. తప్పయితే వీపు మోగేది. ఇంత సిరా మాత్రం అయ్యేది కాదు.”

సిరాపిల్ల వినలేదు. కుంచె అట్టను తాకింది. ఎడమనుండి కిందికి జారి, మలుపు తిరిగి, కుడివైపు పైకి దూసుకుపోయి ఆగింది. గదిలో ఫ్యాను తప్ప మరేదీ కదలలేదు. ‘క’ తలపై కిరీటం నిలిచింది. తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి, “బాగుందే!” అన్నది. తర్వాత మనసాగక, “నిన్నటిదానికీ దీనికీ తేడా ఏంటో నాకైతే తెలియట్లేదు గానీ, బాగుంది” అన్నది.

చిక్కనిసిరా ఆరడానికి గంట పడుతుంది. బస్సు అంతసేపు ఆగదు. పైన కాగితం కప్పితే సిరా అంటుకుంటుంది. అందుచేత సిరాపిల్ల ఆ అట్టను కప్పకుండానే, డాలువలె ఎదుట పట్టుకొని, వీధిలోకి దిగింది.

సమస్తవృత్తులవారితో, సమస్తసంచులతో, మోచేతులతో క్రిక్కిరిసి, కుడివైపుకు వాలి కదిలే ఆ శకటరాజంలో అట్టతోసహా ప్రవేశించడం ఎట్టి యోధులకైనా దుష్కరమే. మెట్టుమీదే కండక్టరు అడ్డుకున్నాడు.

“ఆ తలుపు ఎక్కడికమ్మా?”

“తలుపు కాదన్నా, అసైన్‌మెంటు. తడిగా ఉంది, ఎవరూ తాకకుండా చూడవా?”

కండక్టరు అటునుంచి ఇటు తల వంచి చూశాడు. “క!” అని పైకి చదివి, “అయితే రా. చదువుకునే పిల్లకి దారివ్వండి, జరగండి! తడి, తడి!” అని కేకవేశాడు.

ఆ కేకతో జనసముద్రం రెండుపాయలై దారి ఇచ్చింది. కాని అదే కేకతో బస్సంతా ఆ అక్షరంవైపు తిరిగింది కూడా. ముందు సీటులో ఒళ్ళో గుడ్డలమూట పెట్టుకున్న ముసలి దర్జీ ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూసింది. ఆమె పక్కనున్న రిటైరైన లెక్కల మాస్టారు మెడ చాచాడు. వెనకనుంచి ఎవరో, “ఒక్క అక్షరం రాయడానికి కాలేజీ ఏంటండీ?” అన్నారు. “నీ సంతకం నువ్వే చదువుకోలేవు, నీకెందుకు?” అని ఇంకెవరో అందుకున్నారు. క్షణంలో ఆ బస్సు పండితసభగా మారిపోయింది. పొట్ట పెద్దదని ఒకరు, అక్షరానికి పొట్టే అందమని ఒకరు. సిరాపిల్ల ఉభయపక్షాలకూ తలాడిస్తూ, రెండు చేతులతో అట్టను గట్టిగా పట్టుకొని నిలిచింది.

“అన్నీ బాగానే ఉన్నాయి గానీ,” అని అంతలో మాస్టారు గొంతు సవరించుకున్నాడు. “కోణం చూడమ్మా. ఇక్కడ, ఈ కుడికొమ్ము దగ్గర, ఇది నలభై అయిదు డిగ్రీలు ఉండాలి...”

అంటూ చూపుడువేలు చాపాడు. చాపి, తలకట్టు కొమ్మును తాకి, పైకి ఒక్క తుడుపు తుడిచాడు.

హా! ఏ ఖడ్గం చేయలేని గాయాన్ని ఆ వేలు చేసింది! తిన్నగా సాగి సూదిమొనవలె ముగిసిన కిరీటాగ్రాన ఆవగింజంత తోక మొలిచింది. మాస్టారు తన నల్లబడిన వేలివంక, అట్టవంక మార్చి మార్చి చూశాడు. ముఖం పాలిపోయింది.

“అయ్యో తల్లీ... ముప్పైయేళ్ళు సుద్దముక్కతో బోర్డుమీద రాశాను. తప్పు కనిపిస్తే వేలితో తుడిచేయడం అలవాటైపోయింది. అయ్యో, ఎంత పని చేశాను!”

వాదప్రతివాదాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. సమయం పది గంటల ఇరవై ఏడు నిమిషాలు. వచ్చే స్టాపులో దిగి ఇంటికి పోదామా అనిపించింది సిరాపిల్లకు. ఇంటికి పోతే అటకమీద కామర్సు పుస్తకాలు ఇంకా అట్టలు చెదరకుండా ఉన్నాయన్న సంగతి గుర్తుకొచ్చింది. కళ్ళు చెమర్చాయి.

“ఏడిస్తే నీళ్ళు దానిమీదే పడతాయి,” అన్నది దర్జీ ఆవిడ, చాలా మామూలుగా. “పక్కకు తిరిగి ఏడు. లేకపోతే బాగుచెయ్యి. నీ దగ్గర సామాను లేదా?”

ఉన్నది. సంచి అడుగున తెల్లరంగు సీసా, రెండే రెండు వెంట్రుకలవలె సన్నని కొసగల కుంచె ఉన్నవి. తోకపై తెల్లరంగు పూసి అంచును మళ్ళీ కోయవచ్చు. కాని కదిలే బస్సులో ఆ పని చేయబూనడం, తుఫానులో దీపం వెలిగించబూనడమే.

సరిగ్గా అప్పుడే నాలుగు రోడ్ల కూడలిలో ఎర్రదీపం వెలిగింది. బస్సు ఆగింది.

కండక్టరు డ్రైవరువైపు తిరిగి అరిచాడు. “అన్నా! ఓ రెండు నిమిషాలు కదలనీకు!”

“నేను ఆపేదేముందిరా, ఎర్రలైటే ఆపింది. తొంభై సెకన్లు చూపిస్తోంది. ఆ తర్వాత వెనకవాళ్ళు ఊరుకోరు.”

తొంభై సెకన్లు! దర్జీ ఆవిడ మూట చంకన పెట్టుకుని లేచి సీటిచ్చింది. మాస్టారు అట్టను తన మోకాళ్ళమధ్య బిగించి నిలిపి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఈసారి వాటిని తానే నమ్మలేదు. “ఎవరూ కదలకండి! దిగేవాళ్ళు కూడా దిగకండి!” అని కండక్టరు ఆజ్ఞాపించగా, అర్ధశతాధికజనసమూహం చిత్రపటంలోని సేనవలె స్తంభించిపోయింది. సిరాపిల్ల మూత విప్పింది, కుంచె ముంచింది, ఊపిరి బిగబట్టింది. చేయి వణికింది. కుంచెకొన అట్టకు వెంట్రుకవాసి దూరంలో తూనీగ రెక్కవలె అదురుతున్నది.

“డెబ్బై!” అని ముందునుంచి డ్రైవరు.

“ఊపిరి బిగబట్టకే అమ్మాయ్,” అన్నది దర్జీ ఆవిడ ఆమె చెవిదగ్గర. “నలభైయేళ్ళనుంచి గుడ్డ కోస్తున్నా. బిగబడితే కత్తెర వంకరపోతుంది. మెల్లగా వదులు. వదులుతూ కొయ్యి.”

“యాభై!”

సిరాపిల్ల ఊపిరి వదిలింది. పోస్టర్ల తరగతి, కామర్సు పుస్తకాలు, కడుపులోని రాయి, అన్నీ ఆ ఊపిరివెంట మెల్లగా పోతున్నట్టయింది. చేయి తేలికపడింది. తెల్లరంగు తోకమీదికి దిగింది. తోక సగమైంది, పావైంది, చుక్కైంది.

“ఇరవై! అమ్మా, అయిందా?”

కుంచె చివరిసారి కొమ్ము అంచువెంట, కింది మలుపునుండి పైమొనదాకా, ఒకే ఒక్క గీతగా సాగి గాల్లోకి లేచింది.

“నాలుగు!”

“అయింది!” అన్నది సిరాపిల్ల.

బస్సు కదిలింది. కదిలీ కదలగానే గోతిలో పడి అందరినీ అడుగెత్తు ఎగరేసింది. అట్ట మాత్రం మాస్టారి మోకాళ్ళమధ్య చెక్కుచెదరలేదు. జనమంతా ఒక్కసారి చప్పట్లు కొట్టారు. కండక్టరు ఎవరికీ కనపడకుండా కళ్ళు తుడుచుకుని, “టికెట్, టికెట్” అని మరింత గట్టిగా అరవసాగాడు.

పది గంటల యాభై ఆరు నిమిషాలకు సిరాపిల్ల రెండంతస్తుల మెట్లు లంఘించి, మూయబోతున్న తలుపులో అట్టను ముందుగా చొప్పించి, తాను తర్వాత ప్రవేశించింది. భూతద్దం మేడమ్ అట్టను కిటికీ వెలుగులో నిలబెట్టారు. పొట్టను చూశారు. నడుమును చూశారు. భూతద్దం తలకట్టు ఎక్కి, కుడికొమ్ము చివర ఆగిపోయింది.

“ఇక్కడ తెల్లరంగు వేశావు.”

“అవును మేడమ్.”

“ఎక్కడ కూర్చుని?”

“బస్సులో మేడమ్. సిగ్నల్ దగ్గర.”

మేడమ్ భూతద్దం దించి, మొదటిసారిగా అక్షరాన్ని వదిలి పిల్లను చూశారు. చెవి తమ్మెమీది సిరాను కూడా చూశారు. “చేయి వణకలేదా?”

“వణికింది మేడమ్. ఊపిరి వదిలాక ఆగింది.”

“ఆ మాట చెప్పడానికే నాకు మీతో ఏడాది పడుతుంది,” అన్నారామె. “ఎవరు చెప్పారు?”

“ఒక దర్జీ ఆవిడ.”

“మంచి టీచరు.” మేడమ్ అట్టను తీసి తన బల్లవెనక గోడకు ఆనించారు. “తలకట్టు కుదిరింది. ఉంచి వెళ్ళు.”

సిరాపిల్ల వరండాలోకి వచ్చి, గోడవారనే చతికిలబడి, ఆఫీసులోనున్న తండ్రికి ఫోను చేసింది. “నాన్నా, క తీసుకున్నారు!”

అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. తర్వాత, ఏనాడూ గొంతు పెంచని ఆ మనిషి ఆఫీసంతా వినబడేలా, “మా అమ్మాయికి క వచ్చేసిందండీ!” అనడం ఆమెకు స్పష్టంగా వినిపించింది.

“అలాగా! సంతోషం. ఎన్నేళ్ళండీ పాపకి?” అని ఎవరో అడిగారు.

“పంతొమ్మిది!” అన్నాడు తండ్రి, సగర్వంగా.

వినుడు, దశదిశల జనులారా! ఈ విధంగా, వర్ణమాలలోని తక్కిన అక్షరములన్నియు చెక్కుచెదరక అజేయములై నిలిచియుండగా, త్రివారతిరస్కృతయైన సిరాపిల్ల, ఒక దర్జీ, ఒక మాస్టారు, ఒక కండక్టరు, ఒక ఎర్రదీపం సేనాంగములై తోడురాగా, ఒకానొక బుధవారం ఉదయాన, అరమిల్లీమీటరు మేర సిరాను సమూలంగా జయించెను!