నలుగురిని పంపమంటే

ఆ ఉదయం బ్యాంకు మేనేజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. హెడ్డాఫీసు వారు అప్పులు అడిగే దిక్కులేని బ్రాంచీలన్నిటినీ ఎత్తేస్తున్నారు. ఇవాళ ఈ బ్రాంచీ చూడడానికి పెద్దాఫీసరు వస్తున్నాడు. ఇదీ పోతే మరో ఊరికి మూటాముల్లె సర్దుకోవాలి. ఊళ్లు మారి మారి అలిసిపోయిన ఇల్లాలు, ఈ వీధిలోనే మొదటిసారి పక్కింటి గుమ్మంలో కూర్చుని మనసారా నవ్వుతోంది. ఆ నవ్వు పోగొట్టడానికి ఆయనకి మనసొప్పలేదు.

"నలుగురిని పంపు. లోన్ సంగతి అడిగి వెళ్లిపోతే చాలు," అన్నాడు ఆవిడతో, చెప్పులు వేసుకుంటూ.

"అంతేగా, నాకొదిలేయండి," అందావిడ.

ఆవిడ పక్కింటి టైలరమ్మకి చెప్పింది. టైలరమ్మ మంగలి షాపు ముందు ఆగి, "ఇవాళ వెళ్లి అడిగితే చాలట, ఇచ్చేస్తారట," అంది. సగం గడ్డం గీయించుకున్న డ్రైవరు, "ఇవాళొక్కరోజేనా?" అన్నాడు. వీధి చివరికి చేరేసరికి అది ప్రశ్నగా మిగల్లేదు.

బ్యాంకు ముందు జనం వరస వీధి మలుపు దాటింది. క్యాషియరు హడలిపోయి షట్టరు సగం దించాడు. దాంతో బ్యాంకు ఎత్తేస్తున్నారనుకుని, డబ్బు దాచుకున్నవాళ్లు కూడా లగెత్తుకొచ్చారు.

పెద్దాఫీసరు కారు దిగి ముందుకి రాబోతే టైలరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఏం బాబూ, మేం మనుషులం కాదా? వెనక్కెళ్లు."

ఆయన వెళ్లాడు. ఎండలో నిలబడి అందరి కబుర్లూ విన్నాడు. చెమటలు కక్కుతూ లోపలికొచ్చేసరికి మేనేజరు తల దించుకుని ఉన్నదంతా చెప్పేశాడు.

"నలుగురినే పంపమన్నాను సార్."

"వీళ్లకి నిజంగానే లోన్లు కావాలండీ. ఇన్నాళ్లూ ఎందుకడగలేదంటే, అడగొచ్చని మాకెవరు చెప్పారన్నారు. బ్రాంచీ మూయం, పెద్దది చేస్తాం." అన్నాడు ఆఫీసరు. "కాకపోతే పెద్ద బ్రాంచీకి పై హోదా మేనేజరుండాలి. మీకు బదిలీ తప్పదు."

వరసలో ఉన్నవాళ్లకి మంచినీళ్లు తెచ్చిన ఇల్లాలు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఈయన కూర్చోడానికి ఇక్కడ చిన్న కుర్చీ ఏదీ లేదా సార్?"

"అసిస్టెంటు పోస్టుందమ్మా. ఒక మెట్టు కిందది."

ఆవిడ వరసవైపు తిరిగింది. టైలరమ్మకి గ్లాసులో నీళ్లు పోసి అందించింది. మేనేజరు ఆ ఇద్దరినీ చూశాడు.

"అదే ఇప్పించండి సార్," అన్నాడు.

హోదా తగ్గినందుకు ఆ బ్యాంకులో అభినందనలు అందుకున్న మనిషి ఇంతవరకు ఆయనొక్కడే.