లెక్కల సారూ, జర బిందె కాడికెల్లి జరుగుండ్రి!

పెళ్లి కావలసిన అమ్మాయిలారా! పట్టుబట్టి లెక్కల సారునే చేసుకోండి. అందులోనూ పాఠాన్ని ఇంటికి మోసుకొచ్చే సారునే! కేతేపల్లికి కొత్త కోడలినై, ఇంకా పారాణి ఆరకముందే ఈ సత్యం ప్రకటిస్తున్నాను.

మా ఆయన కృష్ణకాంత్ ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతారు. పెరుగుదల ప్రతిసారీ సమానంగా ఉంటే గ్రాఫ్‌లో గీత తిన్నగా పోతుంది, అది లీనియర్. లేకపోతే వంగుతుంది, అది నాన్‌లీనియర్. ఇంతే పాఠం! కానీ అది బడిలో ఇముడుతుందా?

వేడి చాయ్ మొదట గబగబా, తర్వాత నిదానంగా చల్లారుతుందట. అది నిరూపణ అయ్యేసరికి రెండు గ్లాసులూ చల్లారాయి. ఇద్దరం ఒకే మెట్టు మీద కూర్చుని, చల్లటి చాయ్ నవ్వుకుంటూ తాగాం. ఉత్త మల్లెపూలు తెచ్చే భర్తలతో ఈ వైభోగం దొరుకుతుందా?

మొన్న ఆదివారం నన్ను ఆషాఢానికి తీసుకుపోవడానికి అమ్మా బాపూ పానగల్ నుంచి బయలుదేరారు. పెళ్లయ్యాక తొలి రాక. గడపలో కాళ్లకు నీళ్లివ్వకపోతే పరువు దక్కుతుందా? ఇంట్లో చూస్తే చుక్క లేదు. సరిగ్గా అప్పుడే నల్లా వచ్చింది. నేను బిందె పెట్టాను. ఆయన స్కేలుతో ప్రత్యక్షం!

"ధార ఒక్కతీరుగ పడ్తాంది గదా, బిందెల నీళ్లు గూడ ఒక్కతీరుగనే ఎక్కుతయని పిల్లలంతా అంటున్నరు. తప్పు సుమనా! కడుపు కాడ ఎట్ల నిదానమైందో జూడు. మెడ కాడికొస్తే ఉరుకుతది!"

"చూసిన. జర జరుగుండ్రి, ఇంకో బిందె పెట్టాలె."

జరిగారా? మెడ దగ్గర కొలత తప్పిందని నిండు బిందెను వాకిట్లో కుమ్మరించి మళ్లీ పెట్టారు! నల్లా ఒకసారి దగ్గి, ఆగిపోయింది.

మా అత్తమ్మ నర్సింగమ్మ బయటికొచ్చింది. "ఓ సారూ! వియ్యంకుల కాళ్ల మీద నీ గ్రాఫు పోస్తవారా?"

పాపం, ఆయనే బిందె భుజానికెత్తి వీధి చివరి బోరుకు నడిచారు. మొదటి బిందెకు ఈల వేసుకుంటూ వచ్చారు. రెండోదానికి ఈల ఆగింది. ఆ తర్వాతిదానికి నడుమే వంగింది!

"సుమనా... బిందెలు ఒక్కొక్కటే పెరుగుతున్నయి గని... నొప్పి అట్ల లేదు. గిది లీనియర్ గాదు!"

"గా ముచ్చట నా నడుమునడిగితే ఎప్పుడో చెప్తుండె గదరా కొడుకా!" అంది అత్తమ్మ.

అమ్మా బాపూ వచ్చారు. ఆయన మోసిన నీళ్లతోనే కాళ్లు కడుక్కున్నారు. పరువు దక్కింది. అల్లుడు నడుం పట్టుకుని ఎందుకు నిలబడ్డాడని బాపు అడిగితే, ఇంటి పాఠమని చెప్పాను.

అందుకే అంటున్నాను, లెక్కల సారునే చేసుకోండి. థియరీ ఎంతైనా చెప్పనివ్వండి, ప్రాక్టికల్స్ మాత్రం ఆయన భుజం మీదే పెట్టండి. నన్ను బస్సెక్కించి, అటునుంచి అటే పోయి బోరు నుంచి ఇంటిదాకా సరిపోయే పైపు కొనుక్కొచ్చారట!

ఆ పైపు కోసం అత్తమ్మ ఎన్నేళ్లుగా అడుగుతోందో మాత్రం నన్నడగకండి. అది గీయడానికి గ్రాఫ్ పేపర్ చాలదు.