ఈరవ్వ వయసు, పన్నెండేళ్ల స్కాచ్

ప్రపంచంలో స్కాచ్ విస్కీ మూడు రకాలు: సింగిల్ మాల్ట్, బ్లెండెడ్, దుబాయ్ నుంచి వచ్చింది. మొదటి రెండింటి గురించి పుస్తకాల్లో చదువుకోవచ్చు. మూడోదానితో పరిచయం కావాలంటే కామారెడ్డిలో బస్సెక్కి ఎల్లారెడ్డిలో దిగాలి. చేతిలో ఏదో ఒక దరఖాస్తు ఉండాలి.

ఈ శాస్త్రానికంతటికీ మూలం వయసు. బార్లీ సారాను కర్ర పీపాలో పోసి కనీసం మూడేళ్లు కదపకుండా ఉంచితేనే దానికి స్కాచ్ హోదా. (మన ఆఫీసుల్లో ఈ పద్ధతి కాగితాలకు వాడతారు. పీపాకు బదులు బీరువా.) పీపాలోంచి ఏటా కొంత ఆవిరైపోతుంది. దాన్ని అక్కడివాళ్లు దేవదూతల వాటా అంటారు. ఎవరూ విచారణ కోరరు.

ఎల్లారెడ్డి వయోనిర్ధారణ విభాగంలో (ఇలాంటిదొకటి ఉందని విభాగంవాళ్లకే ఈమధ్య తెలిసింది) ఈరవ్వ వృద్ధాప్య పింఛన్ దరఖాస్తు నాలుగేళ్లుగా మాగుతోంది. ఆమెకు డెబ్బై దాటాయి. నాట్లకు వంగిన నడుము మళ్లీ లేవలేదు, కూలికి ఎవరూ పిలవరు, బీపీ గోలీలకు కొడుకు ముందు చేయి చాచాలంటే పాపం సిగ్గు. దరఖాస్తులో మాత్రం ఆమె వయసు నలభై తొమ్మిది. అదే కాగితంలో కొడుకు మైసన్న వయసు యాభై రెండు. తల్లికంటే కొడుకు మూడేళ్లు పెద్ద కావడంలో విభాగానికి అభ్యంతరం కనిపించలేదు. సంతకాలు సరిపోయాయి.

అధికారి దేవరాజ్ లంచం ముట్టరు. అభిరుచి గల మనిషి. "నాకేం వద్దు మైసన్నా," అన్నారు. "మీ సునీల్ దుబాయ్‌ల కెళ్లి వస్తున్నడట గద. గా దిక్కు మంచి సరుకు దొరుకుతదంటరు. ఊకెనే, ఎట్లుంటదో తెలుసుకుందమని."

మైసన్న కొడుకు సునీల్‌కుమార్ తెచ్చాడు. రెండు లుంగీల్లో చుట్టి, మీద ఖర్జూరాలు పెట్టి. లేబుల్ మీద బంగారు అంకెల్లో పన్నెండు.

మర్నాడు పొద్దున అవ్వా మనవడూ ఆఫీసుకు బయల్దేరేసరికి సీసా సగమే ఉంది.

"ఏందవ్వా గిది?" అన్నాడు సునీల్.

"పోచమ్మకు సాక పోసిన," అంది ఈరవ్వ. "మంచి పనికి పోతున్నం గద."

సాక అంటే అమ్మవారి ముందు నేల మీద ధారగా పోసేది. ఈరవ్వ ఎప్పుడూ కల్లే పోస్తుంది.

"సీల్ తీస్తరా? సారు తాగినంక మిగిలింది పోస్తే అయిపోతుండె."

"తల్లికి ఎంగిలిది పోస్తరారా?"

దేవదూతల వాటాను స్కాట్లాండ్‌లో దేవదూతలే వచ్చి తీసుకుంటారు. మన దగ్గర మనమే పోయాలి.

దేవరాజ్ సీసాను కిటికీ వెలుగులో పట్టి చూశారు. "సీల్ లేదు. గిది పన్నెండేండ్లదని గ్యారంటీ ఏంది?" అన్నారు. స్టీలు గ్లాసులో రెండు వేళ్లంత పోసుకుని సాంకేతిక పరీక్ష జరిపారు. కాసేపు కళ్లు మూసుకున్నారు.

"పన్నెండే," అని తేల్చారు. "నోట్ల పోసుకుంటె తెలుస్తది."

ఈరవ్వ కర్ర ఊనుకుని బల్ల దాకా వచ్చింది. "నన్ను గూడ జూడు సారూ. నడుము జూడు, పండ్లు జూడు. నాకు నలబై తొమ్మిదా?"

దేవరాజ్‌కు నిజంగానే జాలి కలిగింది. (రెండో గ్లాసు తర్వాత.) బీరువా తెరిచి ఫైలు తీశారు. "చూస్తె తెలుస్తనే ఉన్నదవ్వా. కని కాయితం మీద ఉన్నదే లెక్క."

"గది నాలుగేండ్ల కిందటి కాయితం సార్," అన్నాడు సునీల్. "గా లెక్కన గూడ ఇప్పుడు యాభై మూడు కావాలె."

"దరఖాస్తు పెట్టిననాటి వయసే చూస్తం. గిది తేలేదాక కొత్తది తీసుకోం."

"ఎప్పుడు తేలుతది సార్?"

"అవ్వకు వయసు నిండినంక."

ఫైలు బీరువాలోకి వెళ్లింది. దాని పక్కన మిగిలిన సీసా. తాళం పడింది.

చివరి పాఠం. స్కాచ్ వయసు పీపాలో ఉన్నన్నాళ్లే పెరుగుతుంది. సీసాలోకి దింపాక ఎన్నేళ్లుంచినా పన్నెండేళ్లది పన్నెండేళ్లదే. మొదట్లో నేను బీరువాను పీపాతో పోల్చాను. పొరపాటు, మన్నించాలి. అది సీసా. ఈరవ్వకు అందులో ఇప్పటికీ నలభై తొమ్మిదే.