రెండు బొంగులు, ఆరు గజాల తెల్లబట్ట

ఆదివారం పొద్దున ఏడింటికి ఫిజిక్సు లెక్చరర్ కరుణాకర్‌రావు ఆనాటి కార్యక్రమాన్ని భార్య ఇందిరాదేవికి వివరించాడు. రెండు పొడుగు బొంగులు కొని, కోసి, నాలుగు చేయాలి. వాటిని వాకిట్లో పాతి చుట్టూ, పైనా తెల్లబట్ట కట్టాలి. లోపల స్టూలు మీద వెండి వస్తువు పెట్టి, బట్టకు చేసిన కన్నంలోంచి ఫొటో తీయాలి. ఎండ బట్టలోంచి వడకట్టుకుని దిగుతుంది కనుక వెండి మీద మెరుపు మరకలు పడవు, చుట్టుపక్కల వస్తువులూ అందులో కనబడవు. పాలు పొంగకుండా చూస్తూ ఆమె అంతా విన్నది. పోయిన నెల ఆయన ఎండతో అన్నం వండుతానన్నప్పుడు కూడా ఇలాగే విన్నది. ఆ రోజు పక్కన కుక్కర్ కూడా పెట్టుకున్నది.

ఆ వెండి వస్తువు పక్క గల్లీ పర్శరాములుది. అతను వెంట్రుకంత సన్నని వెండి తీగలను మెలివేసి నెమళ్లు, లతలు అల్లుతాడు. ఎనిమిది నెలలు కూర్చుని పన్నీరు చల్లే గులాబ్‌దాన్ ఒకటి, దాని కింద అద్దంలాంటి పళ్లెం చేశాడు. ఢిల్లీ ప్రదర్శనకు ఎంపిక కావాలంటే ముందు ఫొటో ఇవ్వాలి. సోమవారం పొద్దున హైదరాబాదు ఆఫీసులో అందాలి, అదే ఆఖరు. బజార్లో స్టూడియో ఆయన రెండుసార్లు తీశాడు. మొదటి ఫొటోలో పళ్లెం నిండా ఆయనే ఉన్నాడు. రెండోసారి ఆయన పక్కకు జరిగాడు గానీ, ఆయన గోడ మీది దేవుళ్లందరూ వచ్చారు.

"సారూ, నా పని ఒక్కటి తప్ప అన్ని కనవడుతున్నయి," అని పర్శరాములు వచ్చి చెప్పుకున్నాడు. ఆ ప్రదర్శన మళ్లీ మూడేళ్లకు గాని రాదు. అతని చూపు మూడేళ్లు ఆగేలా లేదు. ఇప్పటికే పటకారుతో తీగ బదులు వేలిని పట్టుకుంటున్నాడు. ఈసారి పంపకపోతే ఇక పంపేది ఉండదని అతనికీ తెలుసు, కరుణాకర్‌రావుకూ తెలుసు.

అందుకే కరుణాకర్‌రావు శనివారమంతా ఎండలో కూర్చుని ఆ పళ్లెం వంక చూస్తూ ప్రయోగాలు చేశాడు. దాంతో ఆదివారానికి కళ్లు రెండూ ఎర్రబడి నీరు కారుతున్నాయి. గడ్డం గీసుకోలేదు. ఆ వాలకంతోనే రిక్షా ఎక్కి, ముందు మొండయ్య బొంగుల అడితికి పోయాడు.

"రెండు బొంగులు కావాలె మొండయ్యా. మనిషి పొడుగు కన్న జానెడు ఎక్కువుండాలె. అడ్డంగ కట్టెతందుకు చిన్నవి కొన్ని."

మొండయ్య సారు వాలకం చూసి లేచాడు. గుట్టలోంచి నిటారుగా ఉన్న రెండు తీసి, కణుపులు చెక్కి, అడ్డ కర్రలు తనే కోసి, కొత్త తాడు చుట్ట ఒకటి పైన పెట్టి రిక్షాలో సర్దాడు. తాడు సంగతి తాను మరచిపోయినా ఇతనికి గుర్తుండటం కరుణాకర్‌రావుకు ఆశ్చర్యమనిపించింది.

అంతయ్య బట్టల దుకాణం అప్పుడే తీశారు. కరుణాకర్‌రావు ఆరు గజాల కడగని తెల్లబట్ట అడిగాడు. ఎంత చెబితే అంత ఇచ్చాడు. ఆయన ఎప్పుడూ బేరం చేయడు, ఆయనకు అది రాదు. కానీ పొద్దున్నే వచ్చి, బేరం చేయకుండా కడగని తెల్లబట్ట కొనేవాళ్లు ఆ ఊళ్లో ఒకే ఒక పని మీద వస్తారు. అంతయ్య రిక్షాలోని బొంగులు చూశాడు, తాడు చూశాడు, సారు కళ్లు చూశాడు. ఆ ఇంట్లో పెద్దాయన, సారు తండ్రి జలపతిరావుకు డెబ్బై ఆరేళ్లనీ, పోయిన వారం దగ్గుతున్నాడనీ అతనికి తెలుసు.

"ఎన్నింటికి సారూ?" అన్నాడు నెమ్మదిగా.

"రెండింటి లోపల అయిపోవాలె. పొద్దు వాలితే పని గాదు."

అంతయ్య రిక్షా దాకా వచ్చి సాగనంపాడు. తర్వాత దుకాణం మూసి, బస్టాండుకు పోయి, పెద్దపల్లి బస్సు కండక్టరుకు ఒకసారి, చొప్పదండి బస్సు కండక్టరుకు ఒకసారి సంగతి చెప్పాడు. ఆ రెండు ఊళ్లలోనూ జలపతిరావు చుట్టాలున్నారు.

ఇంటికి వచ్చిన కరుణాకర్‌రావు సామానంతా వాకిట్లో దించి, కెమెరాలో రీలు ఎక్కించబోయాడు. అది మధ్యలో చిక్కుకుంది. వెలుతురు తగిలితే రీలు పాడవుతుందని గదిలోకి పోయి, కిటికీలు మూసి, నెత్తి మీద నల్ల గొంగడి కప్పుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం కావస్తున్నా చిక్కు విడలేదు. ఇందిరాదేవి వంటింట్లో ఉన్నది. జలపతిరావు పెరట్లో ఆదివారపు నూనె స్నానంలో ఉన్నాడు. అది మొదలైతే గంటన్నర పడుతుంది.

కాబట్టి మొదట వచ్చినవాళ్లకు వాకిట్లో బొంగులూ బట్టా తప్ప ఎవరూ కనబడలేదు. జలపతిరావు చెల్లెలు రుక్మాబాయి ఏడుస్తూ లోపలికి పోయి గది తలుపు తీసింది. చీకట్లో గొంగడి కింద మేనల్లుడు కదులుతున్నాడు.

"కర్ణాకరూ," అన్నది.

"తలుపు మూయత్తా. వెలుతురు రావద్దు."

"గట్లనద్దు కొడుకా. ఎంత దుఃఖమైనా మనిషన్నోడు బయటికి రావాలె."

"జర సేపాగు. చెయ్యి వణుకుతాంది."

ఆమె తలుపు మూసి బయటికి వచ్చి, పిల్లవాడు మనిషిలో లేడని చెప్పింది. పిల్లవాడికి నలభై మూడేళ్లు. ఇక అతన్ని కష్టపెట్టవద్దని వాకిట్లో మగవాళ్లు పని మొదలుపెట్టారు. కరుణాకర్‌రావుకు పూటంతా పట్టే పనిని వాళ్లు పావుగంటలో ముగించారు. బొంగులు పక్కపక్కన పరిచి, అడ్డ కర్రలు బిగించి, పైన తెల్లబట్ట చింపి కట్టారు. పాడె చక్కగా కుదిరింది.

చప్పుడు విని ఇందిరాదేవి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రుక్మాబాయి ఆమెను పట్టుకుని, "స్నానమయ్యిందా బిడ్డా?" అని అడిగింది.

"ఇంక కాలే అత్తయ్యా. నీళ్లు కాగవెట్టి ఇచ్చిన."

"నువ్వొక్కదానివి ఎట్ల జేస్తవ్? మొగోళ్లను పంపుత."

ఇందిరాదేవి రుక్మాబాయి భుజం మీదుగా పాడెను చూసింది. బొంగులు గుర్తుపట్టింది. ఒక్క క్షణం ఆలోచించింది.

"పంపుండ్రి. వీపు రుద్దెటోళ్లు లేరని ఎప్పటికీ అంటుంటరు," అన్నది.

నలుగురు పెద్దమనుషులు తలలు వంచుకుని పెరట్లోకి పోయి స్నానాలగది తలుపు తోశారు. కళ్లలో సీకాయ పడిన జలపతిరావు ఎవరని అడగలేదు, వీపు తిప్పాడు. ముందున్నవాడు ఏం చేయాలో తోచక రుద్దాడు.

తర్వాత అరగంట అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా గడిపారు. జలపతిరావు మాత్రం పొడి ధోవతి కట్టుకుని అరుగు మీద కూర్చుని, ఎవరెవరు వచ్చారో తీరిగ్గా చూశాడు. అప్పటికి ముప్పై మంది దాకా ఉన్నారు. సరిగ్గా అప్పుడే కరుణాకర్‌రావు కెమెరాతో బయటికి వచ్చి, "ఎక్కింది," అని ప్రకటించి, తన గుడారం సామాను ఏ ఆకారంలో ఉందో చూశాడు.

దాన్ని విప్పుదామన్నాడు. రుక్మాబాయి ఒప్పుకోలేదు. కట్టిన పాడె విప్పితే ఎవరో ఒకరి ప్రాణం అడుగుతుందన్నది. ఆ బట్ట చాటున ఏ వస్తువు పెట్టినా తాను అక్కడ ఉండనన్నది. వేరే బట్ట కొందామంటే ఆదివారం తెరిచే దుకాణం అంతయ్యదొక్కటే, పాడె ముట్టిన చేత్తో తాళం తీయనని అతను ఇక్కడే నిలబడ్డాడు. ఇంట్లో దుప్పట్లన్నీ పూలవి. జలపతిరావు మిగతా ధోవతులు శనివారమే చాకలికి పోయాయి.

ఒంటిగంటన్నరకు పర్శరాములు గుడ్డలో చుట్టిన గులాబ్‌దాన్ పట్టుకుని వచ్చాడు. సంగతి విని గోడ పక్కన గొంతుకూర్చున్నాడు. సాయంత్రం ఐదింటికల్లా స్టూడియోలో ఫొటో కడిగించుకుని ఆరింటి బస్సు ఎక్కాలి.

"పోనీయ్ సారూ. నాకింతే రాసిపెట్టున్నది," అని గులాబ్‌దాన్‌ను మళ్లీ చుట్టబోయాడు. ముడి వేయడానికి అంచు దొరక్క వేళ్లతో తడుముకున్నాడు.

ఇందిరాదేవి ఆ వేళ్లను చూసింది. తర్వాత వాకిట్లోకి చూసింది. చావింటికి వచ్చారు కనుక మగవాళ్లందరూ తెల్ల ధోవతి, తెల్ల అంగీ, భుజాన తెల్ల కండువా. వాళ్లలో సగం మంది ఎదుట ఆమె ఇంతవరకు గొంతెత్తలేదు.

"ఎట్లాగు వచ్చిండ్రు," అన్నది. "జర గీ స్టూలు చుట్టూ దగ్గరికి నిలబడుండ్రి. కండువాలు నెత్తిన కప్పుకొని, కొసలు మీదికి లేపి పట్టుకోండ్రి."

చావింట్లో ఎవరు ఏ పని చెప్పినా ఎందుకని అడగరు. అందరూ వచ్చి నిలబడ్డారు. జలపతిరావు కూడా అరుగు దిగి ఒక కొస పట్టుకున్నాడు. స్టూలు మీద గులాబ్‌దాన్ పెట్టారు. ఎండ కండువాల్లోంచి పలచగా దిగింది. పళ్లెం పాలు పోసినట్టు తెల్లబడింది. దాని మీద నెమళ్లు ఈక ఈకకూ లెక్కపెట్టేటట్టు నిలిచాయి. అంతయ్యకూ మొండయ్యకూ నడుమ కెమెరా దూర్చి కరుణాకర్‌రావు ఊపిరి బిగబట్టాడు.

రెండు కావస్తుండగా జలపతిరావు బావమరిది రాజేశ్వర్‌రావు చొప్పదండి నుంచి దిగాడు. గేటు దగ్గర పాడె కనబడింది. దాని వెనక కండువాలు కప్పుకుని, తలలు వంచి, గుండ్రంగా నిలబడ్డ మనుషులు కనబడ్డారు. అతను అక్కడే కూలబడి, "బావా, నన్నిడిసిపెట్టి పోయినవా," అని అందుకున్నాడు.

"గిప్పుడా వచ్చుడు?" అన్నది గుంపులోంచి బావ గొంతు.

రాజేశ్వర్‌రావు లేచి ధోవతి దులుపుకున్నాడు. అప్పుడే కెమెరా క్లిక్కుమన్నది.

పర్శరాములు ఆరింటి బస్సు ఎక్కాడు. నెల తిరగకుండానే గులాబ్‌దాన్ ఢిల్లీకి ఎంపికైనట్టు ఉత్తరం వచ్చింది. వచ్చిన ఫొటోలన్నిటిలో ఇంత శుభ్రమైనది ఇదొక్కటేననీ, ఏ పరికరాలు వాడారో తెలుపవలసిందనీ అందులో రాశారు. కరుణాకర్‌రావు మూడు రోజులు ఆలోచించి, పరికరాలు ఇతర ఊళ్ల నుంచి తెప్పించినట్టు జవాబిచ్చాడు.

జలపతిరావు ఇంకా పదకొండేళ్లు బతికాడు గానీ, ఆ ఆదివారం రాని నలుగురి ఇళ్లలో ఒక్క పెళ్లికీ పోలేదు.