ఎజ్రాగారి చక్రం

1986 మే నెలలో ఒక ఉదయం ఎజ్రా మేడ మీది తొట్టె నిండేదాకా బావి మోటారు వేసి, పదింటికల్లా తన పరీక్ష ముగించాలనుకున్నాడు. ఆయన ఒక లోతైన బంగారు గనిలో పంపు ఫోర్‌మన్. సెలవు మీద తెనాలి వచ్చాడు. గనిలో రాళ్లు తొలిచే యంత్రాలకు పైనుంచి నీళ్లు పంపుతారు. వాడిన నీళ్లను మళ్లీ మైలు లోతు నుంచి పైకి తోడాలి. ఆ కరెంటు ఖర్చు తగ్గించే ఉపాయం చెప్పినవాడికి సూపర్‌వైజరు ఉద్యోగమని మేనేజరు ప్రకటించాడు. పదకొండేళ్లుగా ఫోర్‌మన్‌గానే ఉన్న ఎజ్రాకు ఇదే ఆఖరి అవకాశం.

ఆయన ఉపాయం చక్రం. పడే నీళ్లే దాన్ని తిప్పాలి, అది ఒక చిన్న పంపును ఆడించి కొన్ని నీళ్లను పైకి పంపాలి. పాత సైకిలు చక్రానికి డబ్బా మూతలు బిగించి, వీధి గోడ పక్కన కుళాయి కింద పెట్టాడు. భార్య దానమ్మ బజారుకు వెళ్లగానే కుళాయి తిప్పాడు. చక్రం తిరిగింది. బకెట్టు నీళ్లు కిందపడితే చెంబెడు పైకెళ్లాయి. తొట్టె ఖాళీ అవుతుంటే, పరీక్ష ఆగకూడదని మళ్లీ మోటారు వేశాడు.

నీళ్లు వీధిలోకి పారాయి. మునిసిపల్ కుళాయిలు ఎండిపోయి అప్పటికి అయిదు రోజులు. ఎదురింటి కొండమ్మ బిందెతో వచ్చింది.

"అన్నయ్యగారూ, ఇది అందరికీనా?"

"అందరికీ పనికొస్తుందమ్మా!" అన్నాడు ఎజ్రా, చక్రం మీంచి చూపు తిప్పకుండా.

పావుగంటలో నలభై బిందెలు వరస కట్టాయి. గుంపును చూసి కౌన్సిలర్ వీరాస్వామి రిక్షా దిగాడు.

"దీన్ని ఎవరు శాంక్షన్ చేశారండి?"

"మా గనివాళ్లు చెయ్యాలండి. ఇక్కడ బాగా పనిచేస్తే చేసేస్తారు."

వీరాస్వామి వెంటనే అరుగెక్కాడు. "అమ్మలారా! నేను గనివాళ్లతో మాట్లాడి తెప్పించిన నీళ్లివి. ఇక రోజూ వస్తాయి!"

చప్పట్లు మోగుతుండగా మోటారు కాలిపోయింది. కాసేపటికి ధార సన్నబడింది. "రోజూ అన్నారుగా?" అని ఆడవాళ్లు నిలదీస్తే, వీరాస్వామి ఎజ్రాను చూపించి రిక్షా ఎక్కాడు.

అప్పుడే వచ్చిన దానమ్మ బిందెలను తోసుకుంటూ వెళ్లి ముందు కుళాయి కట్టేసింది. బావి దగ్గర చేద చూపించి, కావలసినవాళ్లను తోడుకోమంది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"మీ గనిలోనూ ఇంతేనా? మనుషులు లేనప్పుడు కుళాయిలు కట్టరా?"

"కట్టరు. షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య మూడు గంటలు ఎవరూ ఉండరు. నీళ్లు పారుతూనే ఉంటాయి."

"ఊరికే పారినవి పైకి తోడేదెవరు?"

"మేమే," అన్నాడు ఎజ్రా.

ఆ మధ్యాహ్నమే గనికి ఉత్తరం రాశాడు. షిఫ్టుల మధ్య కింది కుళాయిలు కట్టేస్తే తోడాల్సిన నీళ్లే తగ్గుతాయని వివరించాడు. అందులో చక్రం ప్రస్తావన లేదు. దానమ్మ ప్రస్తావనా లేదు.

ఇరవై రోజులకు జవాబొచ్చింది. ఎజ్రా సూపర్‌వైజరయ్యాడు. ఆయన "లోతైన పరిశీలన"ను మేనేజరు మెచ్చుకున్న వాక్యాన్ని వీధి అరుగు మీద నిలబడి రెండుసార్లు చదివాడు.

లోపలి నుంచి దానమ్మ పిలిచింది. "సూపర్‌వైజరుగారూ, గోలెం నిండుకుంది. చేద బావి దగ్గరే ఉంది."

మోటారు ఇంకా రిపేరు షాపు నుంచి రాలేదు.