పాలపిట్ట వెంచర్

ఆ ఉదయం వామన్‌రావు వేసుకున్న లెక్క చాలా చిన్నది. అబిడ్స్‌లో దుకాణం తెరిచేలోపు నాంపల్లి వెళ్లి ఒక కాగితాన్ని పెద్దది చేయించుకు రావాలి. ఆ కాగితం ఎవరి కంటా పడకూడదు. పెట్టుబడి ఆటో కిరాయి, రాబడి కళ్లకు సుఖం. నష్టం వచ్చే దారి ఎంత వెతికినా ఆయనకు కనిపించలేదు.

వామన్‌రావుది గొడుగుల వ్యాపారం. తండ్రి కాలం నుంచీ అబిడ్స్ పక్క సందులో ఒక కిరాయి మల్గిలో, వీధి వైపు తెరుచుకునే చిన్న కొట్టుగదిలో, నడుస్తోంది. వానలు పడే నెలల్లో అమ్మడం, మిగతా నెలల్లో ఆకాశం వంక చూడటం ఆ వ్యాపారం పద్ధతి. అలా ఖాళీగా చూసే నెలల్లో చేతులకు ఏదో ఒక పని కావాలి.

ఆ పని నుమాయిష్ నుంచి వచ్చింది. జనవరిలో జరిగే ఆ ఎగ్జిబిషన్‌లో భార్య అనసూయ ఒక క్రాస్ స్టిచ్ కిట్ కొన్నది. చిన్న చిన్న గళ్లున్న తెల్లగుడ్డ, రంగురంగుల దారాలు, మొద్దు మొన ఉన్న సూది, ఏ గడిలో ఏ రంగు పడాలో చూపించే డిజైన్ కాగితం. ఒక్కో గడిలో దారాన్ని ఇంటూ గుర్తులా వేసుకుంటూ పోతే చివరికి కొమ్మ మీద వాలిన పాలపిట్ట తయారవుతుంది. అనసూయ తోక దగ్గర కొంత కుట్టి, "నాతోని కాదు, మెడలు గుంజుతున్నయ్" అని అల్మారాలో పడేసింది. కొన్న సరుకు మూలన పడి ఉంటే వామన్‌రావుకు నిద్ర పట్టదు. పెట్టిన డబ్బు వృథా పోకూడదన్న ఒకే ఒక్క ఉద్దేశంతో, ఇంట్లో చెప్పకుండా ఆ కిట్‌ను దుకాణానికి తెచ్చుకున్నాడు.

తెచ్చుకున్న కొద్ది రోజులకే డబ్బు సంగతి మరిచిపోయాడు. గుడ్డను రెండు మడతలు పెట్టి నడిమధ్య పట్టుకోవాలని, కుట్టు అక్కడినుంచి మొదలుపెట్టాలని తెలుసుకున్నాడు. అనసూయ కుట్టిన తోకను విప్పేశాడు. ఇంటూ గుర్తులన్నిటిలో పై గీత ఒకే వైపు వాలితేనే కుట్టు మెరుస్తుందని కనిపెట్టిన రోజున, ఎవరికైనా చెప్పుకోవాలని ఆయన ప్రాణం కొట్టుకుంది. అన్నాళ్లూ నీలం అంటే నీలమే అనుకున్న మనిషి, ఒక్క రెక్కలో ఎన్ని నీలాలున్నాయో చూసి విస్తుపోయాడు.

చెప్పుకోవడానికి మాత్రం వీల్లేదు. పక్క మల్గిలో సూట్‌కేసులు అమ్మే వెంకటేశం తన దుకాణంలో గాజు తొట్టి పెట్టి చేపలు పెంచుతాడు. "తినేటియి కావు, అమ్మేటియి కావు. ఎందుకు వెంకటేశం నీకియ్యి?" అని సందులో అందరి ముందూ ఎన్నోసార్లు అడిగినవాడు వామన్‌రావే. ఆ మనిషే ఇప్పుడు కౌంటర్ కింద చేతులు పెట్టుకుని పిట్టను కుడుతున్నాడని తెలిస్తే, ఇన్నేళ్లు కూడబెట్టిన పరువు ఒక్క పూటలో ఖర్చయిపోతుంది.

డిజైన్ కాగితంలో గళ్లు మరీ సన్నంగా ఉండటం వల్ల నాంపల్లి ప్రయాణం పడింది. అక్కడ దుర్గేష్ జిరాక్స్ షాపులో పొద్దున లేస్తే భూముల కాగితాలే. ఇళ్ల స్థలాల లేఅవుట్లను పెద్దవి చేయడంలో అతనిది అందెవేసిన చేయి. వామన్‌రావు ఇచ్చిన కాగితాన్ని అలవాటైన కళ్లతో చూశాడు. వరుసగా గళ్లు, గళ్లలో గుర్తులు, రంగురంగుల భాగాలు.

"ఏ దిక్కు సార్ వెంచర్?" అన్నాడు.

వామన్‌రావు రోడ్డు వైపు చూశాడు. "నువ్వు తియ్యి."

"చెరువు మస్తు పెద్దగ ఉన్నది," అన్నాడు దుర్గేష్, పాలపిట్ట రెక్క మీద వేలు పెట్టి.

"ఏడ చెరువు?" అంటూ వెనకనుంచి ఒక తల ముందుకు వచ్చింది. ఆధార్ కార్డు కాపీ కోసం వచ్చిన వెంకటేశం తల అది. అప్పుడే మిషన్ నుంచి బయటపడుతున్న పెద్ద కాగితాన్ని, దాన్ని లాక్కోబోతున్న వామన్‌రావు చేతిని అతను మార్చి మార్చి చూశాడు.

"గింత పెద్ద పని పెట్టుకొని నాకు ఒక్క మాట చెప్పకపోతివేందన్నా," అన్నాడు.

"గది కాదు వెంకటేశం."

"మరేంది?"

పిట్ట అని చెబితే అక్కడితో అయిపోయేది. కానీ ఆ క్షణంలో వామన్‌రావు కళ్ల ముందు గాజు తొట్టి, అందులో తిరిగే చేపలు కదిలాయి. "ఏం లేదు. ఊకెనే," అన్నాడు.

అబిడ్స్‌లో వ్యాపారం చేసేవాడు ఎన్నడూ అనకూడని మాట అది. అక్కడ లాభమున్న బేరాన్ని ఎవరూ ఉందని చెప్పరు. సరుకు లేదంటే గోదాము నిండుగా ఉన్నట్టు, ఏం లేదంటే చాలా ఉన్నట్టు. వామన్‌రావే ముప్పై ఏళ్లుగా ఆ భాష మాట్లాడుతూ వచ్చాడు. వెంకటేశం ఇంకేమీ అడగలేదు. వామన్‌రావు చిల్లర కోసం జేబు తడుముకుంటుండగా, ట్రేలో ఉన్న కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు.

వామన్‌రావు అబిడ్స్ చేరేసరికి తన షట్టర్ ముందు నలుగురు నిలబడి ఉన్నారు. తాళాల దుకాణం ఆయన, వెంకటేశం పంపిన బొమ్మను ఫోన్‌లో పెద్దది చేసి చూస్తున్నాడు.

"గీ మట్టిరంగు పట్టీ అరవై ఫీట్ల రోడ్డు," అన్నాడు ఆయన కొమ్మను చూపించి.

"రోడ్డు వంకరున్నది గదా," అన్నాడు మరొకాయన.

"గుట్టను తప్పిచ్చి ఉంటరు. గీ నల్లచుక్క ఏందన్నా, బోరా?"

అది పిట్ట కన్ను. వామన్‌రావుకు కోపం రావలసింది, రాలేదు. ఇన్ని రోజులుగా తను పక్షిగా చూసిన కాగితం వీళ్లకు ఇంకెలా కనిపిస్తోందో వినాలనిపించింది. ముక్కు ఏమవుతుందో తెలుసుకోవాలని కాసేపు ఆగాడు. ముక్కు క్లబ్ హౌస్ అయింది. తోక దగ్గరున్న తెల్లగళ్లు ఇంకా బేరం కాని ప్లాట్లయ్యాయి. చెరువు ఈశాన్యంలో పడిందని, చూపున్న మనిషి వేసిన లేఅవుట్ అని అందరూ ఒప్పుకున్నారు.

"అన్నా, చెరువు దిక్కు ఒక కార్నర్ బిట్టు నాకు పెట్టు," అన్నాడు తాళాలాయన.

"అమ్మేదేం లేదయ్యా. మీరనుకునేది కాదిది."

నలుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "సొంతోళ్లకే ఇస్తడట," అని చివర నిలబడ్డవాడు ఫోన్‌లో ఎవరికో చెప్పడం వినిపించింది.

వామన్‌రావు ఎన్నిసార్లు కాదంటే సరుకు విలువ అన్నిసార్లు పెరిగింది. కోఠి నుంచి ఎరిగినవాళ్లు వచ్చి కూర్చున్నారు. వాన జాడే లేని ఆ పూట ఇద్దరు మర్యాద కోసం గొడుగులు కూడా కొన్నారు. అంతలో అనసూయ ఫోన్ చేసింది.

"చెరువు పక్కన ప్లాట్లు అమ్ముతున్రంట గదా. అఫ్జల్‌గంజ్ నుంచి మా అక్క ఫోన్ జేసి చెప్పింది. మా వాళ్లకు తెలిసినంక నాకు తెలవాల్నా?"

వామన్‌రావు గొంతు తగ్గించాడు. "అది ప్లాట్లు కాదు. నీ పిట్ట."

"ఏ పిట్ట?"

"నుమాయిష్ల కొన్నవు చూడు, అది."

"అల్మారాల నేను పెట్టిన పిట్ట మీకాడికెట్లొచ్చింది? ఉండున్రి, నేనే వస్తున్న," అని పెట్టేసింది.

ఆమెకన్నా ముందు మల్లేశ్వరరావు వచ్చాడు. ఆ వరుసలో మల్గీలన్నీ ఆయనవే. బషీర్‌బాగ్‌లో ఉంటూ నెలకోసారి ఇటు వచ్చి గోడలు తట్టి చూసుకుపోతాడు. ఈసారి ఆయన వెంట ఫోన్ కవర్ల వ్యాపారి పవన్‌కుమార్ ఉన్నాడు, అతని చేతిలో కొలత టేపు ఉంది.

"శానా సంతోషమైంది వామన్‌రావూ," అన్నాడు మల్లేశ్వరరావు. "ఇగ నీకు గొడుగులమ్మే ఖర్మేంది? ఎట్లాగు ఈ నెలతోని అగ్రిమెంటు అయిపాయె. పవన్‌కుమార్‌కు మాటిద్దామనుకుంటున్న."

పవన్‌కుమార్ అప్పటికే గుమ్మం వెడల్పు కొలుస్తున్నాడు.

వామన్‌రావు ఆ టేపు వంక చూశాడు. వానాకాలం ముందు ఇంకోచోట మల్గి దొరకదు. దొరికినా, చినుకు పడగానే జనం పరుగెత్తుకొచ్చేది ఈ గుమ్మానికే. నాన్న పేరు చూసి వచ్చే బేరమంతా ఈ గుమ్మానిదే. అటు పరువు, ఇటు మల్గి. రెండిట్లో ఒకటి వదులుకోవాలి. లెక్క తేలడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు.

"సార్, నేనెక్కడా ప్లాటు కొనలే, అమ్మలే. గా కాగితం కుట్టు డిజైను. నేను పిట్టను కుడ్తున్న," అన్నాడు.

గుంపులోంచి వెంకటేశం మెచ్చుకోలుగా తల ఊపాడు. "చూసిన్రా, ఎంత పకడ్బందీగ దాస్తుండో. మనమైతే చుట్టాల జాగ అనో, దోస్తుది అనో అంటుంటిమి. పిట్ట అనేది మనకు తడుతుండెనా?"

వామన్‌రావు కౌంటర్ కిందనుంచి గుడ్డ తీసి పరిచాడు. రెక్క, మెడ, సగం కొమ్మ. మల్లేశ్వరరావు దాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశాడు. ముడులు లేవు. "మంచిగున్నది. మీ ఆవిడ కుట్టిందా?"

"నేనెక్కడ కుట్టిన?" అన్నది గుమ్మంలోంచి అనసూయ. ఆటో దిగి వచ్చిన ఆయాసం ఇంకా తగ్గలేదు. "నేను కుట్టింది తోక. గా తోకేది? విప్పేసిన్రా?"

"అది తప్పు కాడినుంచి షురూ చేసినవు," అన్నాడు వామన్‌రావు.

"విన్నరా సార్. నాకే తప్పులు చెప్తున్రు."

మల్లేశ్వరరావుకు ఇంకా నమ్మకం కుదరలేదు. "వామన్‌రావూ, నిజం చెప్పు. గిది కుడితే నీకేమొస్తది?"

"ఏం రాదు సార్."

"ఏం రానిది నువ్వెట్ల జేస్తవయ్యా? నేను నిన్ను ఇయ్యాల చూస్తున్ననా?"

ఇన్నేళ్లుగా సంపాదించుకున్న పేరే వామన్‌రావుకు ఎదురు సాక్ష్యం చెబుతోంది.

మల్లేశ్వరరావు గుడ్డను, పెద్ద కాగితాన్ని పక్కపక్కన పెట్టుకుని వంగాడు. పక్క స్థలం వాళ్లతో గోడల కోసం జీవితమంతా తగువాడిన మనిషి ఆయన. హద్దు ఎక్కడ కదిలినా ఆయన కంటికి ఆనుతుంది. వేలు ఒక్కో వరుసే దాటుతూ మెడ దగ్గర ఆగింది.

"గీడ ఒక గడి జరిగింది," అన్నాడు.

"ఉండదు సార్."

"ఉన్నది. చూసుకో. గీడికెళ్లి పైదంతా పక్కకు పోయింది."

వామన్‌రావు కళ్లద్దాలు సవరించుకుని లెక్కపెట్టాడు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాడు. స్టూలు మీద కూలబడి, సూది అందుకుని, మెడ దగ్గర దారం ఒక్కో పోగే విప్పడం మొదలుపెట్టాడు. మల్గి, అగ్రిమెంటు, గుమ్మంలో జనం, అన్నీ ఆయన మనసులోంచి వెళ్లిపోయినట్టు చూసేవాళ్లకు తెలిసిపోతోంది.

"అంకుల్, జర అటు జరుగున్రి. కౌంటర్ కొలవాలె," అన్నాడు పవన్‌కుమార్.

"ఆగవయ్యా," అన్నాడు వామన్‌రావు తలెత్తకుండా. "ముందు గిది తేలనియ్యి."

ఎవరూ నవ్వలేదు. తాళాలాయన మెల్లగా దగ్గరికి జరిగాడు. "ఒక్క గడి కోసం గంతా విప్పాల్నా?"

"విప్పకుంటే ముక్కుకు కన్నుకు సంది తప్పుతది."

"గోడకు పెట్టినంక ఎవరు చూస్తరన్నా?"

"నేను చూస్త గదా."

దారం తెగకుండా ఎలా వస్తోందో చూడటానికి వెంకటేశం మోకాళ్ల మీద కూర్చున్నాడు. దారంలోంచి రెండు పోగులే తీసి కుట్టడం ఎందుకు, మొత్తం దారం ఎక్కిస్తే ఏమవుతుందని ఎవరో అడిగారు. వామన్‌రావు విప్పుతూనే జవాబు చెప్పాడు. పై గీత ఒకే వైపు వాలాలన్న సంగతి కూడా చెప్పాడు. ఎన్నాళ్లనుంచో ఎవరికైనా చెప్పాలనుకున్నది అదే కాబట్టి, రెండుసార్లు చెప్పాడు. అనసూయ ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసి, చేసంచిలోంచి మంచినీళ్ల సీసా తీసి పక్కన పెట్టింది.

మల్లేశ్వరరావు చాలాసేపు నిలబడి చూశాడు. తర్వాత తనదైన లెక్క వేసుకున్నాడు. "పవన్‌కుమార్, టేపు మడువు," అన్నాడు. "ఒక్క గడి తప్పితే గింత పరేషాన్ అయ్యేటోడు ఎకరాలేం అమ్ముతడు? గిసొంటోడు ఏడికి పోడు. కిరాయికి ఉంటే గిట్లాంటోడే ఉండాలె."

పవన్‌కుమార్ టేపు చుట్టుకుని వెళ్లిపోయాడు. బుకింగ్ కోసం వచ్చినవాళ్లు ఒక్కొక్కరే జారుకున్నారు. వెంకటేశం ఫోన్‌లోంచి ఫొటో తీసేయబోయి, ఎందుకో ఉంచుకున్నాడు. మల్లేశ్వరరావు మాత్రం కదల్లేదు. "ఇంకో సూది ఉన్నదా?" అని అడిగాడు. "గా కొమ్మ సంగతి నేను చూస్త. నీకు హద్దులు తెలుస్తలేవు."

మర్నాడు షట్టర్ లేవకముందే ఆయన వచ్చి నిలబడ్డాడు. ఆ తర్వాత రోజు కోఠిలో కొన్న తన సొంత గుడ్డతో, ఇంటినుంచి తెప్పించుకున్న చేతుల కుర్చీతో వచ్చాడు. వెలుతురు బాగుందని కుర్చీని కౌంటర్ వెనక వేయించుకున్నాడు, వామన్‌రావు స్టూలు గుమ్మం బయటికి జరిగింది. అగ్రిమెంటు పాత కిరాయికే రాసిచ్చాడు, సంతకం పెట్టేటప్పుడు కూడా సూది కింద పెట్టలేదు. వామన్‌రావు కుట్టిన ప్రతి వరుసనూ మధ్యాహ్నం టీకి ముందు తనిఖీ చేస్తున్నాడు.

ఇప్పుడు వానలు మొదలయ్యాయి. గొడుగు కోసం వచ్చినవాళ్లు కౌంటర్ వెనక ఉన్న పెద్దాయన్ని ధర అడిగితే, ఆయన తలెత్తకుండా, "దుకాణం నాది కాదు, అగో, బయట తడుస్తుండు చూడు, ఆయనది," అంటున్నాడు.