వరసలు కలిపిన యాప్

ఆదివారం పదింటి బస్సుకు మార్కాపురం వెళ్లి, సమావేశంలో తన పట్టు నిలుపుకోవాలని చెన్నకేశవులు పొద్దున్నే అనుకున్నాడు. గిద్దలూరులో ఆయనకు బోరు మోటార్ల దుకాణం. ఉమ్మడి బోరు రైతులకు నీళ్ల వంతులు గుర్తుచేసే యాప్ ఒకటి రాసి, దాని కోడ్ అందరికీ ఉచితంగా వదిలేశాడు. ఎవరైనా మార్పులు రాసి పంపవచ్చు. వాటిని విడుదల చేసే పాస్‌వర్డ్ మాత్రం ఆయన దగ్గరే ఉంది. మూడు నెలలు పరీక్షించనిదే దేన్నీ బయటికి వదలడు. ఆ పాస్‌వర్డ్ ఇకపై ఎవరి చేతిలో ఉండాలో యాప్ వాడే రైతులు ఆ రోజు సమావేశంలోనే తేలుస్తారు.

ఆయనకు పోటీ, వెలిగండ్ల కంప్యూటర్ టీచరు ఎలీషబా. వారానికో కొత్త మార్పు పంపుతుంది. "మేడం రాసింది ఎప్పుడొస్తాది?" అని రైతులు దుకాణానికి వచ్చి మరీ అడిగేవారు. ఆ మాట వింటే చెన్నకేశవులుకు కడుపు మండిపోయేది. యాప్ తనది, పేరు ఆమెదా?

అందుకే బస్సెక్కే ముందు తనూ ఒక మార్పు రాశాడు. వంతు ముగిసిన రైతు పేరుతో తర్వాతి రైతుకు సందేశం వెళ్తుంది కదా, అందులో పిలిచే వరస కూడా ఉంటే ఎంత మర్యాద! యాప్ వాడే కొమరోలు రైతులంతా తెలిసినవాళ్లే. చకచకా వరసలు నింపి, పరీక్ష మాటెత్తకుండా వదిలేశాడు.

బస్సు ఊరు దాటకముందే దుర్గాంబ ఫోన్ చేసింది.

"ఏం కేశవులూ, మా ఆయన తన వంతు అయిపోయిందని మెసేజి పెట్టినాడు. 'అక్కా, నీ వంతు వచ్చింది' అంట! ముప్పై ఏండ్లు కాపురం చేసి అక్కనా నేను? మోటరు ఎయ్యను. త్రిపురాంతకం మా పుట్టింటికి పోతున్నా."

"నేను పెట్టలేదే! నా ఫోనే పెట్టింది!" వెనక ఆమె భర్త రంగయ్య మొత్తుకుంటున్నాడు.

"అయితే ఆ ఫోనుతోనే కాపురం చెయ్యి."

చెన్నకేశవులు తన మార్పు తెరిచి చూసుకున్నాడు. తాను నింపినవి వాళ్లు ఒకరినొకరు పిలుచుకునే వరసలు కావు, వాళ్లను తాను పిలిచే వరసలు. దుర్గాంబ ఆయనకు అక్క.

ఇంతలో మరో బోరు నుంచి కాశయ్య. "అల్లుడా, మా అన్న ఓబులయ్య నన్ను 'మామా' అన్నాడు. అన్నదమ్ముల పొత్తే వద్దనుకున్నాడు గదా. స్టార్టరు పెట్టెకు తాళం ఏసినా."

మార్కాపురం చేరేలోగా నాలుగు బోర్లు ఆగాయి. కరెంటు ఉండే వేళ కరిగిపోతోంది, పైర్లు వాడుతున్నాయి. చెన్నకేశవులు సిగ్గు చంపుకుని, సమావేశానికి వచ్చిన ఎలీషబా దగ్గరికి నేరుగా వెళ్లి జరిగింది చెప్పాడు.

"పాతదానికి తిప్పే మీట రాసి ఎప్పుడో పంపినా కదన్నా. పరీక్షలో ఉందని ఆపినావు."

"పరీక్షలో లేదమ్మా," అన్నాడు తల దించుకుని. "కుళ్లుతో ఆపినా. నువ్వైనా పరీక్ష చేసినావా?"

"ఏది రాసినా మా నాయన ఫోన్లో నెల వాడినాకనే పంపుతా."

పాస్‌వర్డ్ ఆమెకిచ్చాడు. పది నిమిషాల్లో యాప్ పాత రూపానికి వచ్చింది, మోటార్లు తిరిగాయి. దుర్గాంబను మాత్రం రంగయ్య స్వయంగా త్రిపురాంతకం వెళ్లి బతిమాలి తెచ్చుకోవలసి వచ్చింది.

సమావేశం విడుదలల బాధ్యత ఎలీషబాకు అప్పగించింది. ఇంత దూకుడున్న మనిషిని వదులుకోలేక, కొత్త మార్పులు రాసే పని చెన్నకేశవులుకిచ్చింది.

ఇప్పుడాయన దుకాణానికి వచ్చినవాళ్లందరితో అదే గోడు: "ఆ పాప ప్రతిదీ నెలలకొద్దీ పరీక్షిస్తాది, ఇట్లయితే పని సాగేదెట్ల?"